ప్రతిసారీ వేరే కోడ్‌తో బ్లూ స్క్రీన్: మదర్‌బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

ప్రశ్న: మాది మూడేళ్ల కిందట అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. రైజెన్ 5 5600జీ, బీ450 బోర్డు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మొదట 8 జీబీ ర్యామ్ ఉండేది, ఈ ఏడాది మొదట్లో ఇంకో 8 జీబీ వేయించాం. కొన్ని నెలలుగా రెండు మూడు రోజులకోసారి బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఒకసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని, ఇంకోసారి సిస్టమ్ సర్వీస్ ఎక్సెప్షన్ అని వచ్చింది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు ఏ స్క్రీనూ రాకుండా ఆగిపోయి మళ్లీ ఆన్ అవడమూ ఉంది. షాపులో రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు, తగ్గలేదు. ఇప్పుడు మదర్‌బోర్డు పోయింది, మార్చాలంటున్నారు. మార్చేయమంటారా?

సమాధానం:

ఇప్పుడే మార్చకండి. మీరు రాసినదాంట్లోనే కావలసినన్ని ఆధారాలున్నాయి. అవి ముందు ర్యామ్‌నే అనుమానించమంటున్నాయి. బోర్డు తప్పు అయ్యే అవకాశం లేదని అనను. కానీ బోర్డు మాట అన్నీ చూశాక చివర్లో అనాలి. ఇంకో విషయం, మీరు ఒకటిగా చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు అయ్యుండొచ్చు. బ్లూ స్క్రీన్ వచ్చి ఆగడం ఒకటి, ఇన్వర్టర్ మారినప్పుడు టక్కున ఆగడం ఇంకొకటి. ముందు మొదటిది చూద్దాం.

విండోస్ కెర్నల్‌కి, అంటే మెషిన్ మొత్తాన్ని నడిపించే విండోస్ గుండెకాయకి, తన లెక్కల్లో ఎక్కడైనా తేడా కనిపిస్తే, ఇంకా నడిస్తే డిస్కులోని డేటా కూడా పాడవుతుందని తనంతట తానే ఆగిపోతుంది. తేడా ఎక్కడ దొరికిందో దాన్ని బట్టి ఒక స్టాప్ కోడ్ చూపిస్తుంది. తప్పు డ్రైవర్‌లో (హార్డ్‌వేర్‌కీ విండోస్‌కీ మధ్య పనిచేసే ప్రోగ్రామ్) ఉంటే ఆ డ్రైవర్ మాటిమాటికీ ఒకే చోట తడబడుతుంది. అందుకే కోడ్ దాదాపు అదే వస్తుంది, ఫైలు పేరూ అదే ఉంటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ దెబ్బకు ప్రపంచమంతా ఆగిపోయిందే, అప్పుడు జరిగింది ఇదే. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల మెషిన్లు పడిపోయాయి, వాటి క్రాష్‌లకు మూలం ఒకే డ్రైవర్. ర్యామ్ చెడితే ఇలా ఉండదు. చెడిన ఆ చిన్న గడిలో ఈరోజు బ్రౌజర్ డేటా పడొచ్చు, రేపు నెట్‌వర్క్ డ్రైవర్ పడొచ్చు, ఎల్లుండి కెర్నల్ సొంత పట్టికలే పడొచ్చు. ఏది పడిందో దాన్ని బట్టి కోడ్ మారుతూ పోతుంది. మీకు వచ్చిన మూడు కోడ్‌లూ మూడు రకాలు. అదే నాకు కనిపించిన మొదటి ఆధారం.

ఫార్మాట్ రెండుసార్లు కొట్టినా తగ్గకపోవడం రెండోది. డబ్బు దండగ అయిందని బాధపడుతున్నారేమో గానీ, దానివల్ల ఒక సంగతి తేలింది. పాత సాఫ్ట్‌వేర్, వైరస్, పాడైన విండోస్ ఫైళ్లు, వీటి మీద అనుమానం చాలావరకు పోయింది. (షాపువాళ్లు రెండుసార్లూ ఒకే పెన్‌డ్రైవ్‌లోని పాత డ్రైవర్ ప్యాకే ఎక్కించి ఉంటే మాత్రం డ్రైవర్ల మీద అనుమానం కొంచెం మిగులుతుంది.) నష్టమల్లా ఏమిటంటే, ప్రతి ఫార్మాట్‌తోనూ పాత క్రాష్‌ల రికార్డు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఇకమీదట ఎవరు ఫార్మాట్ అన్నా ఒప్పుకోకండి. పైగా ర్యామ్ చెడి ఉండగా విండోస్ ఎక్కిస్తే, కాపీ అయ్యే ఫైళ్లే తప్పుగా రాసుకునే ప్రమాదం ఉంది. అదే కారణంతో ఇప్పుడు బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ జోలికి కూడా పోవద్దు. అది మధ్యలో ఆగినా, తప్పుగా రాసుకున్నా, నిజంగానే బోర్డు మార్చాల్సి వస్తుంది.

మూడోది రెండో ర్యామ్. దాని బిల్లు మీద తేదీ చూడండి. మొదటి బ్లూ స్క్రీన్ ఎప్పుడొచ్చిందో ఇంట్లో వాళ్లని కూడా అడిగి గుర్తుచేసుకోండి. ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉంటే చాలావరకు తేలిపోయినట్టే. ఇంకా కొన్ని గుర్తులున్నాయి. క్రోమ్‌లో ట్యాబ్‌లు ఉన్నట్టుండి చచ్చిపోవడం, పెద్ద జిప్ ఫైలు విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలులోని డేటా సరిపోలడం లేదనే హెచ్చరిక) రావడం, అదే ఫైలు రెండోసారి మామూలుగా విప్పుకోవడం. మీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఇదే ర్యామ్‌లోంచి కొంత తీసుకుంటుంది. కాబట్టి అప్పుడప్పుడు స్క్రీన్ మీద రంగు గళ్లు, చారలు కనిపించినా దాన్నీ ఈ లెక్కలోనే వేయండి.

పరీక్షకు ముందు ఒక చిన్న పని. తర్వాతి క్రాష్ రికార్డు దొరికేలా మెషిన్‌ని సిద్ధం చేయాలి. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఎస్‌వైఎస్‌డీఎం డాట్ సీపీఎల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ తెరిచి, ఆటోమేటిక్‌లీ రీస్టార్ట్ దగ్గర టిక్ తీసేయండి. ఇకపై స్క్రీన్ మీద కోడ్ అలాగే నిలబడుతుంది, తీరిగ్గా ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. కింద డంప్ (క్రాష్ వివరాల ఫైలు) రకం దగ్గర స్మాల్ మెమరీ డంప్ పెట్టండి. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైలు) సీ డ్రైవ్ మీద ఉండాలి, దాన్ని ఎవరైనా 'స్పీడ్ కోసం' ఆపేసి ఉంటే తిరిగి ఆన్ చేయండి. క్రాష్ సమయంలో వివరాలు మామూలుగా పేజ్ ఫైల్‌లోకే వెళ్తాయి, తర్వాత బూట్ అయినప్పుడు డంప్ ఫైలుగా బయటికొస్తాయి. జంక్ క్లీనర్లు ఉంటే తీసేయండి, అవి తుడిచేవాటిలో ఈ డంప్‌లు కూడా ఉంటాయి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఈ స్క్రీన్ నీలం కాకుండా నల్లగా వస్తుంది, అదేదో వేరే జబ్బు అనుకుని కంగారు పడకండి. ఇంకో మాట. స్క్రీన్ నీలంగా ఉండి దాని మీద ఫోన్ నంబరు, 'వెంటనే కాల్ చేయండి' అని కనిపిస్తే అది బ్రౌజర్‌లో వచ్చే మోసం. అసలు స్టాప్ స్క్రీన్ మీద ఎప్పుడూ ఫోన్ నంబరు ఉండదు.

డంప్ ఫైళ్లు సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్‌లో చేరతాయి. వాటిని మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్ విన్‌డీబీజీతో తెరవండి, స్టోర్‌లో దొరుకుతుంది. ఫైలు తెరిచాక కనిపించే ఎనలైజ్ లింకు నొక్కి కాసేపు ఆగితే, అడుగున ఇమేజ్ నేమ్ అనే వరుస వస్తుంది. అక్కడ చాలామంది దారి తప్పుతారు. తేలిక టూల్స్‌లో తెరిస్తే దాదాపు ప్రతి క్రాష్‌కీ ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్ అనే ఫైలు పేరే కనిపిస్తుంది. అది చూసి విండోసే చెడిందని ఫార్మాట్‌కి పరిగెడతారు. ఆ ఫైలు కెర్నల్. తేడా పట్టుకుని మెషిన్‌ని ఆపిందే అది. దాన్ని తప్పుపట్టడం ఫిర్యాదు ఇచ్చినవాణ్ణే లాకప్‌లో వేయడం లాంటిది. విన్‌డీబీజీ చెప్పేవాటిలో మీరు చూడాల్సింది మెమరీ కరప్షన్ వన్ బిట్ అనే మాట. ఉండాల్సిన విలువకీ ఉన్న విలువకీ సరిగ్గా ఒక్క బిట్ తేడా ఉందని దానర్థం, అంటే సున్నా ఉండాల్సిన చోట ఒకటి. డ్రైవర్ తప్పు చేస్తే మామూలుగా ఒక వరుస మొత్తం చెరిపేస్తుంది, ఒకే ఒక్క బిట్ తిరగబడిందంటే హార్డ్‌వేర్‌నే ముందు అనుమానించాలి. మెమరీ మేనేజ్‌మెంట్ క్రాష్‌లో మొదటి పారామీటర్ 41792 అని వస్తే అదీ ఇలాంటిదే. మెమరీ పట్టికలో ఒక గడి చెడిపోయిందని దాని భావం.

ఇక అసలు పరీక్ష. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ తేలికే గానీ, అది 'ఏమీ లేదు' అంటే నేను నమ్మను. తప్పు ఉందంటే మాత్రం నమ్ముతాను. ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్‌లు మెమ్‌టెస్ట్86, మెమ్‌టెస్ట్86 ప్లస్‌లలో ఏదో ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో బూట్ చేయండి. మొదట మెషిన్ ఇప్పుడు ఎలా ఉందో అలాగే, రెండు ర్యామ్ స్టిక్‌లతో, ఏ సెట్టింగూ మార్చకుండా నడపండి. కనీసం నాలుగు పాస్‌లు, అంటే మొత్తం పరీక్ష నాలుగుసార్లు, పూర్తికావాలి, 16 జీబీకి చాలా గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోండి. కరెంటు ఎప్పుడు పోతుందో మీ ఊళ్లో మీకే తెలుసు, అది చూసుకుని పెట్టండి. పొద్దున లేచేసరికి ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఫెయిలే. 'వేలల్లో ఒక్కటే కదా' అనడానికి లేదు, మంచి ర్యామ్‌లో ఒక్క తప్పు కూడా రాకూడదు.

తప్పులు వచ్చాయనుకోండి. వెంటనే ర్యామ్ పారేయకండి, ముందు బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆపండి. కొన్ని బోర్డుల్లో దాన్ని డీఓసీపీ అంటారు. ర్యామ్‌ని దాని మామూలు వేగం కంటే ఎక్కువలో నడిపే సెట్టింగ్ అది. మీ ప్రాసెసర్‌కి డీడీఆర్4 3200 వరకు అధికారికంగా ఓకే. కానీ మీ రెండు స్టిక్‌లు వేర్వేరు ఏళ్లలో, బహుశా వేర్వేరు కంపెనీలవి కొన్నవి. ఒకదాని మీద 3200, రెండోదాని మీద 2666 అని ఉండొచ్చు. రెండింటినీ ఒకే వేగంలో బలవంతంగా నడిపితే, విడివిడిగా రెండూ మంచివే అయినా కలిపినప్పుడు పొసగకపోవచ్చు. ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ రాత్రంతా పరీక్ష పెట్టండి. ఈసారి ఒక్క తప్పూ రాకపోతే మీరు పైసా ఖర్చు పెట్టక్కర్లేదు, అలాగే వాడుకోండి. వేగంలో కొంచెం తేడా ఉంటుంది, ఇంటి పనికి తెలియదు.

అయినా తప్పులు వస్తుంటే స్టిక్‌లు విడదీయాల్సిందే. క్యాబినెట్ వెనక వైరు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన చార్జి పోతుంది. క్యాబినెట్ ఇనుము భాగాన్ని ఒకసారి ముట్టుకుని, అప్పుడు ర్యామ్ మీద చేయి వేయండి. స్లాట్ చివర ఉండే క్లిప్ వెనక్కి నొక్కితే స్టిక్ కాస్త పైకి లేస్తుంది. దాన్ని అంచులు పట్టుకుని తీయండి, బంగారు రంగు కాళ్లను వేళ్లతో తాకొద్దు. ఆ కాళ్లు మసకగా కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి. మన దగ్గర అందరూ పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పనిచేస్తుంది, కాదనను, కానీ గట్టిగా రుద్దితే పూత పోతుంది, రాలిన పొడి స్లాట్‌లో పడుతుంది. లోపల బల్లి గుడ్లు, చీమల పుట్ట కనిపిస్తే ఆశ్చర్యపోకండి, వాటినీ శుభ్రం చేయండి.

ఇప్పుడు పాత స్టిక్ ఒక్కటే పెట్టి ఒక రాత్రి పరీక్ష, కొత్తది ఒక్కటే పెట్టి ఇంకో రాత్రి. రెండూ ఒకే స్లాట్‌లో పెట్టాలి, అదే ముఖ్యం. నాలుగు స్లాట్‌ల బోర్డయితే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది వాడతారు, మాన్యువల్‌లో చూసుకోండి. సరిగ్గా కూర్చుంటే క్లిప్ టక్కుమని పడుతుంది, ఆ చప్పుడు రాకపోతే కూర్చోలేదు. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండొచ్చు, బోర్డు ర్యామ్‌ని సర్దుకుంటోందన్నమాట. టెన్షన్ పడి వెంటనే ఆపేయకండి. ఒకే స్టిక్‌తో వీడియోలు, ఆటలు కాస్త నెమ్మదిస్తాయి, మీ గ్రాఫిక్స్ ర్యామ్ మీద ఆధారపడింది కాబట్టి అది మామూలే.

ఫలితం చదవడం తేలిక. ఒక స్టిక్ పాసై రెండోది ఫెయిలైతే దొంగ దొరికినట్టే. రెండూ ఆ స్లాట్‌లో ఫెయిలై, వేరే స్లాట్‌లో పాసైతే తప్పు స్లాట్‌ది, అంటే బోర్డుది. అప్పుడు షాపువాళ్ల మాట నిజమవుతుంది. విడిగా రెండూ పాసై, కలిపితేనే ఫెయిలైతే జత కుదరలేదని అర్థం. ఎర్ర గీతలున్న స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి, వారంటీకి పనికొస్తుంది. ర్యామ్‌కి చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, కొన్నింటికి లిమిటెడ్ లైఫ్‌టైమ్ అని కూడా ఉంటుంది. స్టిక్ మీది స్టిక్కర్ చింపకండి, సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది.

బ్యాకప్ సంగతి. మామూలుగా అయితే అన్నిటికంటే ముందు బ్యాకప్ అంటాను. మీ విషయంలో మాత్రం ముందు అనుమానం ఉన్న స్టిక్ తీసేసి, ఆ తర్వాత ఫోటోలూ కాగితాలూ బయటి డ్రైవ్‌కి కాపీ చేయమంటాను. ఏ ఫైలైనా కాపీ అయ్యేటప్పుడు ర్యామ్ గుండానే వెళ్తుంది. ర్యామ్ చెడి ఉంటే కాపీలో తప్పు దొర్లినా మీకు తెలియదు, ఏడాది తర్వాత పెళ్లి ఫోటో తెరిస్తే సగం బూడిద రంగులో ఉంటుంది. డిస్కే పోతోందని తేలితే మాత్రం ఆగకుండా బ్యాకప్ తీయండి. అది తెలుసుకోవడానికి డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే టూల్ పెట్టి చూడండి, గుడ్ అని నీలంగా ఉంటే ప్రస్తుతానికి దాన్ని వదిలేయొచ్చు. డిస్కు తప్పయితే ఎక్కువగా కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అనే కోడ్ వస్తుంది, మీరు చెప్పినవాటిలో అది లేదు.

ఇక ఇన్వర్టర్. దీనికి విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ కింద కెర్నల్ పవర్ 41 అనే ఎర్రర్ వెతకండి. 'కెర్నల్ పవర్' అని పేరుంది కదా అని ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు సరఫరా చేసే పెట్టె) మార్చేసినవాళ్లు కోకొల్లలు. కానీ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిన ప్రతిసారీ అది వస్తుంది, బ్లూ స్క్రీన్ తర్వాత కూడా. అసలు సంగతి దాని వివరాల్లో ఉండే బగ్‌చెక్ కోడ్ అంకెలో ఉంది. అక్కడ 26 ఉంటే మెమరీ మేనేజ్‌మెంట్, 10 ఉంటే ఐఆర్‌క్యూఎల్, 59 ఉంటే సిస్టమ్ సర్వీస్ ఎక్సెప్షన్. సున్నా ఉంటే విండోస్‌కి కోడ్ రాసే వ్యవధే దొరకలేదన్నమాట, కరెంటు తెగిపోయింది లేదా మెషిన్ పూర్తిగా బిగుసుకుపోయింది. మీ ఇన్వర్టర్ సమయాలకీ సున్నాలకీ పొంతన కుదురుతుందేమో చూడండి.

పొంతన కుదిరితే ముందు ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఈకో మోడ్ అనే స్విచ్ ఉంటుంది, దాన్ని చూడండి. చాలా ఇళ్లలో అది నార్మల్‌లోనే ఉంటుంది. ఫ్యాన్లకీ లైట్లకీ అది చాలు, రెప్పపాటు ఆగినా ఎవరికీ తెలియదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ అంత ఓపిక పట్టలేదు. కరెంటు పోయాక 16, 17 మిల్లీసెకన్లు నిలబడాలన్నది దానికున్న ప్రమాణం. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చినవి, కెపాసిటర్లు వయసైపోయినవి అంతసేపు కూడా నిలబడవు. యూపీఎస్ మోడ్‌లో మార్పు త్వరగా జరుగుతుంది. అది పెట్టాక కూడా ఆగిపోతుంటే, కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టండి, లేదా మంచి ఎస్‌ఎంపీఎస్ వేయించండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మీ మెషిన్‌కి పేరున్న కంపెనీ 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది. ఇలా హఠాత్తుగా ఆగడం వల్ల విండోస్ ఫైళ్లు కూడా దెబ్బతింటాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ర్యామ్ పరీక్ష పూర్తిగా క్లీన్‌గా వస్తేనే మిగతావాటి జోలికి వెళ్లండి. వేడి ఒకటి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టూల్‌లో చూడండి, మీ ప్రాసెసర్ గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ఆ హద్దు తాకడం పెద్ద విషయమేమీ కాదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వకండి. తర్వాత డ్రైవర్లు. చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లు ఏఎండీ సైట్ నుంచే, లాన్, ఆడియో డ్రైవర్లు మీ బోర్డు కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి. డ్రైవర్ అప్‌డేటర్ అని దొరికే ప్రోగ్రామ్‌లు వద్దు. చౌక వైఫై డాంగిల్, రెండు యాంటీవైరస్‌లు కలిసి ఉండటం, ఇవీ బ్లూ స్క్రీన్ తెప్పిస్తాయి. డ్రైవర్లను పరీక్షించే విండోస్ టూల్ డ్రైవర్ వెరిఫయర్‌ని ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. అది కావాలనే మెషిన్‌ని క్రాష్ చేయిస్తుంది. దాన్ని ఆపే కమాండ్ వెరిఫయర్ స్లాష్ రీసెట్, సేఫ్ మోడ్‌లోకి వెళ్లే దారి, ఈ రెండూ కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టండి.

ఇదే సమస్యతో ఇది చదివేవాళ్లలో ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు ఒక మాట. మీరు ర్యామ్ కంటే ముందు బయోస్ వెర్షన్ చూసుకోండి. వాటిలో వోల్టేజి సమస్య వల్ల ప్రాసెసరే క్రమంగా దెబ్బతింటోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, ఆ ఆగస్టు నుంచి బయోస్ ద్వారా వచ్చే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఇప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని అప్‌డేట్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

పాడైన స్టిక్‌ని గుర్తించి తీసేశాక, లేదా ఎక్స్‌ఎంపీ ఆపి పరీక్ష పాసయ్యాక, విండోస్ ఫైళ్లను ఒకసారి సరిచేయండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు డీఐఎస్ఎం రీస్టోర్ హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) నడపండి. చెడ్డ ర్యామ్ ఉండగా ఇవి నడిపితే ప్రయోజనం లేదు, అందుకే ఇంత ఆలస్యంగా చెబుతున్నాను. ఆ తర్వాత రెండు వారాలు మామూలుగా వాడండి, మధ్యలో ఇంకేదీ మార్చొద్దు. ఇంతకుముందు రెండు మూడు రోజులకోసారి వచ్చేది కాబట్టి ఆ రెండు వారాలూ ప్రశాంతంగా గడిస్తే కారణం దొరికినట్టే లెక్క.

కొత్త ర్యామ్ కొనాల్సి వస్తే, పాతదానికి జత వెతక్కుండా రెండూ ఒకే ప్యాక్‌లో వచ్చే 16 జీబీ కిట్ తీసుకోండి. పాత మంచి స్టిక్‌ని అమ్మేయొచ్చు. హైదరాబాద్ వచ్చే పని ఉంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగి ధర అడగండి, బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోవడం మర్చిపోకండి. మెమ్‌టెస్ట్ ఫలితం, 41 ఎర్రర్‌లోని బగ్‌చెక్ అంకెలు, రెండు స్టిక్‌ల మీది స్టిక్కర్ల ఫోటోలు పంపితే తర్వాతి సంగతి చెబుతాను. అప్పటిదాకా షాపువాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకండి.